చాకుకు తెగని గ్రంథం

క్రీస్తుపూర్వం 604, చలికాలం. యెరూషలేములో యూదా రాజు యెహోయాకీము శీతకాలపు నగరులో కూర్చున్నాడు. ఎదురుగా కుంపటి రగులుతోంది. యెహూది అనే కొలువు ఉద్యోగి గ్రంథపు చుట్ట ఒకటి విప్పి చదువుతున్నాడు. ప్రవక్త యిర్మీయా చెబుతుంటే రాసిన చుట్ట అది. దేశం దారి తప్పిందనీ, మారకపోతే బబులోను చేతిలో నాశనం తప్పదనీ అందులో ఉంది. మూడు నాలుగు పుటలు చదివాడో లేదో, రాజు లేఖకుడి చాకుతో చదివినంత మేర కోసి కుంపట్లో పడేశాడు. మళ్లీ కొంత చదవడం, మళ్లీ కోయడం. పక్కనున్న ముగ్గురు అధికారులు వద్దని బతిమాలినా వినలేదు. చుట్ట మొత్తం కాలిపోయేదాకా అదే వరస.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం ఈ సంగతిని కళ్లకు కట్టినట్టు చెబుతుంది. ఆ తర్వాత జరిగింది కూడా చెబుతుంది. యిర్మీయా ఇంకో చుట్ట తెప్పించాడు. లేఖకుడు బారూకును కూర్చోబెట్టుకుని, కాలిపోయిన మాటలన్నీ మొదటి నుంచి మళ్లీ చెప్పి రాయించాడు. ఈసారి అలాంటివే మరికొన్ని మాటలు చేరాయి. రాజు కాల్చేశాననుకున్న ఆ మాటలను ఇవాళ తెలుగులో కూడా చదువుకోవచ్చు.

క్రైస్తవులు బైబిలును దేవుని వాక్యం అంటారు. ఆదివారం ఆరాధనలో ప్రసంగాన్ని 'వాక్యం చెప్పడం' అనడం తెలుగు సంఘాల్లో మామూలు. అయితే ఆ గ్రంథాన్ని రాసినవాళ్లు మనుషులే. గొర్రెల కాపరులు, రాజులు, చేపలు పట్టేవాళ్లు, ఒక వైద్యుడు. మనుషుల చేతిరాత దేవుని మాట ఎలా అవుతుంది? అయిందే అనుకున్నా, వేల ఏళ్ల నాటి రాతలు ఇవాళ్టి మనిషికి ఏం పనికొస్తాయి? ఈ రెండు ప్రశ్నలకూ క్రైస్తవ సంప్రదాయం ఒకే చోట జవాబు వెతుక్కుంటుంది. అది ఒక ఖైదీ రాసిన ఉత్తరం.

చెరసాల నుంచి వచ్చిన ఉత్తరం

తిమోతికి రాసిన రెండో పత్రికలో అపొస్తలుడు పౌలు రోములో సంకెళ్లతో ఉన్నాడు. మరణం దగ్గర పడిందని అతనికి తెలుసు. నీరో చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 60ల మధ్యలో రాసిన ఉత్తరమని సంప్రదాయం. పౌలు తర్వాత ఆయన శిష్యులెవరో ఆయన పేరుతో రాశారని ఆధునిక పండితుల్లో చాలామంది అభిప్రాయం. ఉత్తరం నిండా మాత్రం ఒక మనిషి బతుకు కనిపిస్తుంది. త్రోయలో కర్పు అనే వ్యక్తి ఇంట్లో వదిలేసిన అంగీని వచ్చేటప్పుడు తెమ్మంటాడు. పుస్తకాలు తెమ్మంటాడు, ముఖ్యంగా తోలు పత్రాలు. చలికాలం రాకముందే వచ్చెయ్యమంటాడు. చావు ఎదుట నిలబడినవాడు అడిగినవి ఒంటికి ఒక బట్ట, చదువుకోడానికి పుస్తకాలు.

ఆ ఉత్తరం అందుకోవలసిన తిమోతి లుస్త్ర పట్టణం కుర్రవాడు. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. తండ్రి గ్రీకువాడు, తల్లి యూదురాలు. లేఖనాలు అతనికి వంటబట్టింది తల్లి యునీకే, అమ్మమ్మ లోయి ఇద్దరి దగ్గరే. ఆ చిన్నతనపు చదువును గుర్తుచేస్తూ మూడో అధ్యాయం చివర్లో పౌలు అసలు మాట చెబుతాడు. లేఖనాలన్నీ దేవుని ఆవేశంతో పుట్టినవట. నాలుగు పనులకు అవి ఉపయోగపడతాయట. తెలియనిది నేర్పడం, తప్పును తప్పని గద్దించడం, ఆ తప్పును దిద్దడం, నీతిగా బతకడంలో తర్ఫీదు ఇవ్వడం. ఇవన్నీ ఎందుకంటే దేవుని మనిషి ఏ మంచి పనికైనా సిద్ధంగా ఉండటానికి.

ఇక్కడ గమనించాల్సిన సంగతులు రెండు. దైవప్రేరణ, ప్రయోజనం రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి. దేవుని నుంచి వచ్చింది కాబట్టి పూజాపీఠం మీద పెట్టుకోమని పౌలు అనలేదు, పనిలో పెట్టమన్నాడు. పైగా ఆ నాలుగు పనుల్లో రెండు మన తప్పులకు సంబంధించినవే. ఓదార్పు కోసం పుస్తకం తెరిచినవాడికి గద్దింపు కూడా అందులోనే ఎదురవుతుంది. అందుకు ఒప్పుకున్నవాళ్లకే ఈ గ్రంథం పూర్తిగా ఉపయోగపడిందని దాని చరిత్ర చెబుతోంది.

దేవుని మాట, మనిషి చెయ్యి

రాజు దగ్గరికి వెళ్లకముందు ఆ చుట్టను బారూకు అధికారులకు చదివి వినిపించాడు. విని వాళ్లు భయపడ్డారు. ఇవన్నీ ఎలా రాశావని అడిగారు. యిర్మీయా నోటితో చెబుతుంటే తాను సిరాతో రాశానని బారూకు జవాబు. ఒక నోరు, ఒక చెయ్యి, సిరా, చుట్ట. దైవప్రేరణ అనే మాటకు బైబిలులో ఇంతకంటే దగ్గరి చిత్రం లేదు.

అన్ని పుస్తకాలూ ఇలాగే పుట్టాయని మాత్రం బైబిలు చెప్పదు. లూకా తన సువార్త మొదట్లోనే తాను ఎలా పనిచేశాడో వివరిస్తాడు. కళ్లారా చూసినవాళ్లు అందించిన సంగతులను మొదటి నుంచి తరచి తెలుసుకుని, వరుసగా రాస్తున్నానంటాడు. అది పరిశోధకుడి మాట. రోమీయులకు పౌలు పంపిన ఉత్తరాన్ని కలం పట్టి రాసింది తెర్తియు. ఆఖరి అధ్యాయంలో అతను తన పేరు చెప్పుకుని సొంతంగా వందనాలు కూడా పంపుకున్నాడు. కీర్తనల్లో కడుపుమంట ఉంది, కన్నీళ్లు ఉన్నాయి, దేవుణ్ని నిలదీసిన మాటలున్నాయి. సామెతల గ్రంథంలో ఇంటి పెద్దల అనుభవం ఉంది. ఎవరి గొంతు వారిదే.

ప్రధాన క్రైస్తవ శాఖలు ఏవీ దైవప్రేరణను ఒట్టి డిక్టేషన్‌గా చూడవు. రాసినవాళ్లు తమ తెలివిని, శక్తిని, భాషను పూర్తిగా వాడుకుంటూనే దేవుడు రాయించదలచినది రాశారని రెండో వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన 'దేయి వెర్బుం' పత్రం చెబుతుంది. రక్షణ కోసం దేవుడు తెలియజేయాలనుకున్న సత్యాన్ని బైబిలు తప్పు లేకుండా బోధిస్తుందని దాని సారాంశం. 1978లో షికాగోలో సమావేశమైన ఇవాంజెలికల్ పండితులు ఇంకో అడుగు ముందుకు వేసి, మూలప్రతులు చెప్పినదంతటిలోనూ దోషరహితమని ప్రకటించారు. ఈ విషయంలో సంఘాల మధ్య తేడాలు ఉన్నాయి, వాదాలూ ఉన్నాయి. గ్రంథం వెనక దేవుడున్నాడనే నమ్మకం అందరిదీ.

పుస్తకాల జాబితా కూడా ఒక్కరోజులో తేలలేదు. ఇవాళ మనం చూసే కొత్త నిబంధనలోని 27 పుస్తకాల పట్టిక సరిగ్గా అదే రూపంలో క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ తన ఈస్టరు లేఖలో ఇచ్చాడు. ప్రొటెస్టంట్ బైబిలులో 66 పుస్తకాలు, కతోలిక బైబిలులో 73. ఆర్థొడాక్స్ సంఘాల లెక్క ఇంకాస్త ఎక్కువ.

నకలు రాసినవాళ్ల శ్రద్ధ గురించి ఒక సాక్ష్యం 1947లో మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో బయటపడింది. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్లిన బెదూయిన్ కాపరికి దొరికాయని చెప్పే ఆ చుట్టల్లో ఒకటి యెషయా గ్రంథం. 17 తోలు ముక్కలు కలిపి కుట్టిన ఆ చుట్ట పొడవు ఏడు మీటర్లకు పైనే. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానిది. అప్పటిదాకా తెలిసిన హీబ్రూ ప్రతులకంటే దాదాపు వెయ్యేళ్లు పాతది. రెండిటినీ పోల్చి చూస్తే అక్షరక్రమంలో, చిన్నచిన్న పదాల్లో తేడాలు చాలానే కనబడ్డాయి, కొన్నిచోట్ల వాక్యాలూ మారాయి. గ్రంథం మాత్రం అదే గ్రంథం.

తండ్రి బట్టలు చింపుకున్నాడు

చుట్టను కోసి కాల్చిన యెహోయాకీముకు తండ్రి యోషీయా. ఆయన కథ రాజుల రెండో గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది. క్రీ.పూ. 622 ప్రాంతంలో యెరూషలేము దేవాలయానికి మరమ్మతులు జరుగుతున్నాయి. వడ్రంగులు, తాపీ పనివాళ్లు పనిలో ఉన్నారు. ఆ సందట్లో ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దేవాలయంలోనే ఉన్నా ఎవరూ చదవక మరుగున పడిపోయిన గ్రంథం. హిల్కీయా దాన్ని రాజు లేఖకుడు షాఫానుకు ఇచ్చాడు. షాఫాను రాజుకు ముందు డబ్బు లెక్కలు అప్పజెప్పి, ఆ తర్వాత గ్రంథం చదివి వినిపించాడు.

యోషీయా ఒంటి మీది బట్టలు చింపుకున్నాడు. తన రాజ్యం, తన పూర్వీకులు ఆ ధర్మానికి ఎంత దూరం వెళ్లారో ఆయనకు అర్థమైంది. ఆ గ్రంథంలోని మాటల గురించి దేవుని దగ్గర విచారించమని మనుషులను పంపాడు. వాళ్లు వెళ్లింది హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి. రాజవస్త్రాలు చూసుకునే షల్లూము భార్య ఆవిడ. గ్రంథంలోని మాట నిజమని తేల్చి చెప్పింది ఆ స్త్రీయే. రాజు ప్రజలను పోగుచేసి గ్రంథం అందరికీ వినపడేలా చదివించాడు. దేశంలో సంస్కరణలు మొదలుపెట్టాడు.

అదే ఇంట్లో పుట్టిన కొడుకు చాకు పట్టుకున్నాడు. ఇద్దరికీ కఠినమైన మాటే వినిపించింది. ఒకడు తన బట్టలు చింపుకున్నాడు, ఇంకొకడు గ్రంథాన్ని కోశాడు.

ఈ కథలో షాఫాను కుటుంబానిది ప్రత్యేకమైన పాత్ర. షాఫాను యోషీయాకు గ్రంథం చదివాడు. కొడుకుల్లో అహీకాము ఒకప్పుడు యిర్మీయా ప్రాణం కాపాడాడు. మరో కొడుకు గెమర్యా గదిలోనే బారూకు ఆ చుట్టను ప్రజలకు చదివాడు. కాల్చవద్దని రాజును బతిమాలిన ముగ్గురిలో ఆ గెమర్యా ఒకడు. యెరూషలేములో 'దావీదు నగరం' అనే చోట 1982లో జరిగిన తవ్వకాల్లో పదుల సంఖ్యలో మట్టి ముద్రలు దొరికాయి. ఆ రోజుల్లో పత్రాన్ని చుట్టి దారంతో కట్టి, ముడి మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి ముద్ర వేసేవాళ్లు. క్రీ.పూ. 586లో బబులోనీయులు నగరాన్ని తగలబెట్టినప్పుడు పత్రాలు కాలిపోయాయి. మట్టి ముద్రలు ఆ మంటకే బట్టీలో ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. వాటిలో ఒకదాని మీద షాఫాను కొడుకు గెమర్యా పేరు ఉంది. యిర్మీయా గ్రంథంలోని గెమర్యా ఇతనేనని చాలామంది పండితుల అభిప్రాయం.

రాజుకు చెప్పిన గొర్రెపిల్ల కథ

గద్దింపు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే సమూయేలు రెండో గ్రంథం చదవాలి. దావీదు ఇశ్రాయేలు చరిత్రలో అందరికంటే పెద్దపేరున్న రాజు. తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను తెప్పించుకున్నాడు. ఆమె గర్భవతి అయ్యాక ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టించి చనిపోయేలా చేశాడు. ప్రవక్త నాతాను వచ్చి నేరుగా నేరం మోపలేదు. ఒక కథ చెప్పాడు. ఒక ఊళ్లో ఇద్దరు. ఒకడికి మందలు మందలు, రెండోవాడికి ఉన్నది ఒక్క ఆడ గొర్రెపిల్ల. పిల్లలతో పాటు పెరిగి, అతని కంచంలో తిని, అతని ఒళ్లో పడుకునేది. ధనవంతుడి ఇంటికి చుట్టం వస్తే, తన మందలో దాన్ని ముట్టకుండా పేదవాడి గొర్రెపిల్లను లాక్కుని కోయించాడు.

దావీదుకు కోపం వచ్చింది. వాడికి మరణశిక్షే తగినదన్నాడు. అప్పుడు నాతాను ఆ మనిషివి నువ్వేనన్నాడు. దావీదు తప్పు ఒప్పుకున్నాడు.

ఆస్థాన చరిత్రకారులు తమ రాజుల విజయాలు శిలల మీద చెక్కించిన కాలం అది. ఈ గ్రంథం మాత్రం తన గొప్ప రాజు చేసిన వ్యభిచారాన్నీ హత్యనూ దాచకుండా చెప్పి, దాన్నే ఆరాధనలో చదవమని తరువాతి తరాలకు ఇచ్చింది. దైవప్రేరణ మీద విశ్వాసులకు నమ్మకం కలిగించే సంగతుల్లో ఇది ఒకటి. సొంతవాళ్లను పొగుడుకోడానికి రాసుకున్న పుస్తకమైతే ఈ అధ్యాయం ఉండేది కాదు.

పొలం అంచున వదిలిన గింజలు

నీతిలో తర్ఫీదు అనే నాలుగో పని చాలామంది దాటేసే పుటల్లో ఎక్కువగా కనబడుతుంది. లేవీయకాండము పేరు వింటేనే బలుల లెక్కలు గుర్తొచ్చి పుట తిప్పేస్తారు. దాని 19వ అధ్యాయం ఒక ఊరి ఆర్థిక వ్యవహారం మొత్తాన్ని ముందు పెడుతుంది. కోతల్లో పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన గింజ ఏరుకోకూడదు, అది పేదవాళ్లకూ పరదేశులకూ వదలాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోకూడదు. తూకం, కొలత, రాళ్లు సరిగ్గా ఉండాలి. చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు. పొరుగువాణ్ని తనలాగే ప్రేమించాలనే ఆజ్ఞ మొదట కనబడేదీ ఈ అధ్యాయంలోనే. యేసు దాన్నే ముఖ్యమైన రెండు ఆజ్ఞల్లో ఒకటిగా ఎత్తి చూపాడు.

ఆ చట్టం ఒక మనిషి కడుపు ఎలా నింపిందో రూతు గ్రంథం చెబుతుంది. రూతు మోయాబీయురాలు, విధవ, పరాయి దేశంలో అత్త నయోమితో ఉంది. బేత్లెహేములో యవల కోతల కాలంలో బోయజు పొలంలో పరిగె ఏరుకోడానికి వెళ్లింది. కోతలు అయిన మడిలో పరిగె ఏరుకున్న ఆడవాళ్లను ఎరిగిన తెలుగు పల్లెలకు ఈ కథ కొత్త కాదు. బోయజు చట్టం చెప్పినంతటితో ఆగలేదు. కట్టల్లోంచి కావాలనే కొన్ని పిడికిళ్లు జారవిడవమని, ఆమెను ఎవరూ గద్దించవద్దని పనివాళ్లకు చెప్పాడు. సాయంత్రం దాకా ఏరి దుళ్లగొడితే సుమారు ఒక ఏఫా యవలు వచ్చాయని కొలత కూడా ఇస్తుంది గ్రంథం. ఆ రూతు వంశంలోనే దావీదు, ఆ వంశంలోనే యేసు.

వాగ్దానం కార్డు వెనక ఉన్న ఉత్తరం

డిసెంబరు 31 రాత్రి తెలుగు చర్చిలు కిక్కిరిసి ఉంటాయి. వాచ్ నైట్ ఆరాధన అయ్యాక చాలా సంఘాల్లో వాగ్దానం కార్డులు ఇస్తారు. ఒక్కొక్కరు ఒక్కో కార్డు తీసుకుని, అందులోని వచనాన్ని ఆ ఏడాదికి తమ వాగ్దానంగా ఇంట్లో గోడకు అంటించుకుంటారు. ఆ కార్డుల మీద తరచుగా కనబడేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తలపెట్టినది మేలే గాని కీడు కాదని, ముందు నిరీక్షణ ఉందని భరోసా ఇచ్చే మాట.

ఆ మాట ఒక ఉత్తరంలోది. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా యెరూషలేము నుంచి పంపాడు. దాన్ని తీసుకెళ్లిన ఇద్దరిలో ఒకడు షాఫాను కొడుకు ఎల్యాశా. రెండేళ్లలో ఇంటికి వచ్చేస్తారని ఆ రోజుల్లో ఒక ప్రవక్త ప్రకటించాడు. యిర్మీయా ఉత్తరం దానికి అడ్డంగా నిలబడింది. డెబ్బయి ఏళ్లు పడుతుందన్నాడు. అందాకా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి అన్నాడు. మిమ్మల్ని చెరపట్టిన ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉందన్నాడు.

ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇంటిముఖం చూడలేదు. 11వ వచనంలోని భరోసా ఆ డెబ్బయి ఏళ్లను కలుపుకుని ఇచ్చిన భరోసా. బంధువులు ఉద్యోగాల కోసం గల్ఫ్ దేశాలకో అమెరికాకో వెళ్లిన తెలుగు కుటుంబానికి ఆ అధ్యాయం మొత్తం చదివితే దొరికేది ఎక్కువ. పరాయి ఊళ్లో ఎలా బతకాలి, ఆ ఊరి మేలు ఎందుకు కోరుకోవాలి, ఆలస్యమయ్యే దాని కోసం ఎలా ఓపిక పట్టాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. కార్డు మీది మాట అబద్ధం కాదు. దాని చుట్టూ ఉన్న పదిమాటలు కలిస్తేనే దాని బరువు తెలుస్తుంది.

కత్తిరించిన బైబిలు

ఇష్టమైన భాగాలు ఉంచి మిగతావి తీసేస్తే ఏమవుతుందో చెప్పే పుస్తకం ఒకటి 1807లో లండన్‌లో అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం ఎంపిక చేసిన బైబిలు భాగాలని దాని పేరు. ఇవాళ దాన్ని 'బానిసల బైబిలు' అంటారు. ప్రొటెస్టంట్ బైబిలులో 1,189 అధ్యాయాలుంటే ఇందులో ఉన్నవి 232. మోషే ఇశ్రాయేలీయులను ఐగుప్తు దాస్యం నుంచి విడిపించిన కథ తీసేశారు. క్రీస్తులో దాసుడు, స్వతంత్రుడు అనే తేడా లేదని పౌలు గలతీయులకు రాసిన మాట తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలని ఎఫెసీయులకు రాసిన మాట ఉంచారు. ఇప్పుడు ప్రపంచంలో దీని ప్రతులు మూడే ఉన్నట్టు తెలుసు. వాటిలో ఒకటి అమెరికాలోని ఫిస్క్ విశ్వవిద్యాలయానిది.

యెహోయాకీము కోసి కుంపట్లో వేశాడు. వీళ్లు కోసి మిగిలినదానికి అట్టలు కట్టి పంచారు. రెండో పనే ఎక్కువ కీడు చేస్తుంది, ఎందుకంటే అందుకున్నవాడికి ఏం పోయిందో తెలియదు.

చదవడం నేర్చుకున్న బానిసలు ఆ కత్తెరకు లొంగలేదు. ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. చిన్నతనంలో యజమానురాలు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే ఆమె భర్త ఆపించాడు. డగ్లస్ దొంగచాటుగా చదువుకున్నాడు. పెద్దయ్యాక ఆదివారాల్లో తోటి బానిసలను, ఒక దశలో నలభై మందికి పైగా, పోగుచేసి చదవడం నేర్పాడు. 1845లో అచ్చయిన తన ఆత్మకథ చివర్లో బానిస యజమానుల మతాన్నీ క్రీస్తు మతాన్నీ విడదీసి, రెండిటికీ మధ్య ఉన్న అంతరాన్ని నిర్మొహమాటంగా రాశాడు. యజమానులు పట్టుకున్న పుస్తకంతోనే వాళ్లను గద్దించాడు. బానిసలను ఉత్తరాదికి తప్పించిన హేరియట్ టబ్‌మన్‌ను జనం మోషే అని పిలుచుకున్నారు. కత్తిరించిన బైబిలులోంచి తీసేసింది ఆ మోషే విడుదల కథనే.

తెలుగు నేల మీద

తెలుగులోకి బైబిలు రావడానికి చాలామంది చేతులు పనిచేశాయి. 18వ శతాబ్దం తొలి దశకాల్లోనే జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జే మద్రాసులో అనువాదం చేశాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్లకు తోడయ్యాడు. వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆ మిషనరీలు ఇద్దరూ కన్నుమూశారు. బైబిలు పూర్తిగా తెలుగులో వచ్చింది 1854లో.

పుస్తకం వచ్చినా చదవగలిగినవాళ్లు తక్కువ. పల్లెల్లో ఉపదేశులు బైబిలు కథలను పాటగా, భజనగా కట్టి చెప్పేవాళ్లు. పురుషోత్తమ చౌదరి లాంటి కవుల కీర్తనలు చదువు రాని విశ్వాసులకు కంఠస్థమయ్యాయి. బైబిలు స్త్రీలని పేరున్న మహిళలు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు చదివి వినిపించేవాళ్లు, అక్షరాలు దిద్దించేవాళ్లు. ఎందరో దళిత కుటుంబాల్లో మొదట అక్షరం ముట్టినది బైబిలు చదవడం కోసమే.

1876-78 కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుగా తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. ఎముకలు తేలినవాళ్లు మట్టి తట్టలు మోశారు. వాళ్ల మధ్య కూర్చుని తెలుగు బోధకులు పదేపదే చెప్పింది మత్తయి సువార్త 11వ అధ్యాయంలోని పిలుపు, భారం మోసి అలసినవాళ్లను తన దగ్గరికి రమ్మని యేసు పిలిచిన పిలుపు. తట్ట నెత్తిన ఉన్నవాడికి ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని కరవు సాయం నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇంట్లో, సంఘంలో

గ్రంథం మీద గౌరవం ఉన్నవాళ్లే దాన్ని తప్పుగా వాడే ప్రమాదమూ ఉంది. అందుకు మందు బైబిలులోనే ఉంది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ పట్టణం యూదులు పౌలు అంతటివాడి బోధ విని కూడా అది నిజమో కాదో రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. అలా చూసుకున్నందుకు గ్రంథం వాళ్లను మెచ్చుకుంది. వేదిక మీద ఎవరు ఏ వచనం చదివి ఏం అడిగినా, అది కానుకైనా, మందులు మానెయ్యమనే సలహా అయినా, ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదివే హక్కు విశ్వాసికి ఉంది. ఇంకో కొలమానం అగస్టీన్ ఇచ్చాడు. దేవుని మీద, పొరుగువాడి మీద ప్రేమ పెంచని వ్యాఖ్యానం చేసినవాడు లేఖనాన్ని ఇంకా అర్థం చేసుకోనట్టేనని ఆయన బోధ.

సంఘాలు కూడా ప్రసంగీకుడి ఇష్టానికి వదలకుండా పఠనాలకు ఒక క్రమం ఏర్పరచుకున్నాయి. కతోలిక సంఘంలో 1969 నుంచి ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో నడుస్తున్నాయి. పాత నిబంధన, పత్రిక, సువార్త మూడూ వినబడతాయి. ఇంట్లో చదువుకునేవాళ్లకు స్కాట్లాండ్ పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌షెయిన్ 1842లో తన సంఘానికి తయారుచేసిన పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. అంత కుదరనివాళ్లు రూతుతో మొదలుపెట్టవచ్చు. నాలుగే అధ్యాయాలు, అరగంట చాలు.

తెలుగు క్రైస్తవ ఇళ్లలో రాత్రి భోజనాలకు ముందో తర్వాతో కుటుంబ ప్రార్థన ఉంటుంది. చాపలు పరుచుకుని కూర్చుని, పిల్లలతో సహా ఒక్కొక్కరు ఒక్కో వచనం వంతులవారీగా చదువుతారు. చదవడం అయ్యాక పౌలు చెప్పిన ఆ నాలుగు పనులనే నాలుగు ప్రశ్నలుగా వేసుకుంటే సరిపోతుంది. కొత్తగా ఏం తెలిసింది, మనలో దేన్ని తప్పు పట్టింది, రేపు ఏది దిద్దుకోవాలి, ఏది అలవాటు చేసుకోవాలి. లేవీయకాండము 19వ అధ్యాయం చదివిన రాత్రి ఈ ప్రశ్నలు అడిగితే ఇంట్లో పనిచేసే ఆమెకు ఈ నెల జీతం ఇచ్చామా, పొలంలో కూలీలకు సాయంత్రమే లెక్క తేల్చామా, కొట్లో తూకం సరిగ్గా ఉందా అన్న మాటలు వాటంతటవే వస్తాయి. జవాబు చెప్పాల్సింది ముందు ఇంటి పెద్దలే.